యులిసిస్ ఎస్. గ్రాంట్: జీవితం, కుటుంబం

యులిసిస్ ఎస్. గ్రాంట్ (1822 ఏప్రిల్ 27 – 1885 జూలై 23) అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాలను విజయం వైపు నడిపిన సేనాని, ఆ దేశ 18వ అధ్యక్షుడు (1869–1877). బానిసత్వం విషయంలో దేశం రెండుగా చీలిపోవడానికి చాలా ముందే ఆ చీలిక ఆయన కుటుంబంలో ఉంది. కన్నవారు బానిసత్వాన్ని అసహ్యించుకున్నారు, అత్తింటివారు బానిసలతో పొలం చేయించారు. అందువల్ల యుద్ధాల వరస ఒక్కటే చదివితే గ్రాంట్ పూర్తిగా అర్థం కాడు. ఆయన ఎవరిని నమ్మాడో, ఎవరిని వదులుకోలేకపోయాడో కూడా చూడాలి.

బాల్యం, చదువు

ఒహాయో రాష్ట్రంలోని పాయింట్ ప్లెజెంట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి జెస్సీ రూట్ గ్రాంట్ తోళ్ళు ఊనే వ్యాపారి. మాటకారి, డబ్బు విలువ తెలిసినవాడు. తల్లి హన్నా సింప్సన్ మితభాషి. కొడుకు అధ్యక్షుడిగా ఉన్న ఎనిమిదేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా శ్వేతసౌధంలో అడుగుపెట్టలేదు. తోళ్ళ వాసనంటే గ్రాంట్‌కు చిన్నప్పటి నుంచీ ఏవగింపు. ఆయన ఇష్టమంతా గుర్రాల మీదే ఉండేది.

అసలు పేరు హైరం యులిసిస్. 1839లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయానికి సిఫారసు చేసిన కాంగ్రెస్ సభ్యుడు పొరపాటున ‘యులిసిస్ ఎస్. గ్రాంట్’ అని రాయడంతో ఆ పేరే స్థిరపడింది. 1843లో 39 మంది తరగతిలో 21వ స్థానంలో పట్టా పుచ్చుకున్నాడు.

పెళ్ళి, పేదరికం

వెస్ట్ పాయింట్‌లో సహాధ్యాయి ఫ్రెడ్ డెంట్. సెయింట్ లూయిస్ దగ్గర ఉద్యోగం పడ్డాక డెంట్ కుటుంబం ఉండే వైట్ హేవెన్ ఎస్టేటుకు గ్రాంట్ రాకపోకలు పెరిగాయి. అక్కడే ఫ్రెడ్ చెల్లెలు జూలియా పరిచయమైంది. మెక్సికో యుద్ధం వల్ల పెళ్ళి నాలుగేళ్ళు ఆగి, 1848 ఆగస్టు 22న జరిగింది. బానిసల యజమాని ఇంట్లో జరిగే పెళ్ళికి గ్రాంట్ తల్లిదండ్రులు వెళ్ళలేదు. జూలియాకు మెల్లకన్ను ఉండేది. తర్వాతి కాలంలో భర్త పేరు దేశమంతా మోగుతున్నప్పుడు శస్త్రచికిత్స చేయించుకోవాలని ఆమె ఆలోచిస్తే, ఆ కళ్ళు చూసే తాను ప్రేమించానని చెప్పి గ్రాంట్ వద్దన్నాడు.

1852లో ఆయన్ను పసిఫిక్ తీరానికి బదిలీ చేశారు. పనామా దారిలో కలరా ఎందరినో బలి తీసుకుంది. గర్భవతి అయిన జూలియా వెనక ఉండిపోయింది. రెండేళ్ళ ఒంటరితనం ఆయన్ను కుంగదీసింది. తాగుడు గురించి పుకార్లు పుట్టాయి. 1854లో ఉద్యోగానికి రాజీనామా చేశాడు.

ఆ తర్వాతి ఆరేళ్ళూ వరసగా దెబ్బలే. మామగారిచ్చిన భూమిలో సేద్యం చేశాడు, దుంగలతో ఇల్లు కట్టాడు, సెయింట్ లూయిస్ వీధుల్లో కట్టెలు అమ్మాడు. 1857 డిసెంబరులో బంగారు గడియారం తాకట్టు పెట్టాడు. ఆయన శీలం ఎలాంటిదో ఈ రోజుల్లోనే తెలుస్తుంది. మామగారి నుంచి సంక్రమించిన విలియం జోన్స్ అనే బానిసను 1859 మార్చిలో ఆయన విడుదల చేశాడు. అమ్ముకుంటే అప్పులు తీరేవి. అయితే దీన్ని చూసి ఆయన్ను ఆనాటికే బానిసత్వ వ్యతిరేకిగా చిత్రించడం సరికాదు. మామగారి బానిసలతో కలిసి పనిచేస్తూ, వాళ్ళ శ్రమ మీద నడిచిన ఇంట్లోనే ఆయన బతికాడు. యుద్ధకాలంలో కూడా జూల్ అనే బానిస స్త్రీ జూలియా వెంట ప్రయాణించింది. 1860లో చివరికి ఇల్లినాయ్‌లోని గలీనాలో తండ్రి తోలు దుకాణంలోనే పనికి చేరాల్సి వచ్చింది.

యుద్ధం

1861లో ఇల్లినాయ్ 21వ వలంటీర్ రెజిమెంటుకు అధిపతి అయ్యాడు. ఫోర్ట్ డోనెల్సన్ (1862 ఫిబ్రవరి), రక్తపాతం నిండిన షైలో, విక్స్‌బర్గ్ (1863 జూలై 4) మీదుగా 1864 మార్చిలో మొత్తం సైన్యాలకు అధిపతిగా ఎదిగి, 1865 ఏప్రిల్ 9న ఆపొమాటక్స్‌లో దక్షిణాది సేనాని రాబర్ట్ లీ లొంగుబాటును స్వీకరించాడు. విక్స్‌బర్గ్ దండయాత్రలో పెద్దకొడుకు ఫ్రెడ్ తండ్రి వెంటే ఉన్నాడు. పదమూడేళ్ళయినా నిండకుండానే కాలికి తూటా గాయం తగిలింది.

ఆయన యుద్ధజీవితంలో చెరగని మచ్చ 1862 డిసెంబరు నాటి ఉత్తర్వు. తన అధీనంలోని ప్రాంతం నుంచి యూదులందరూ వెళ్ళిపోవాలని అందులో ఆదేశించాడు. తండ్రి జెస్సీ కొందరు యూదు పత్తి వ్యాపారులతో వాటా కలిపి కొడుకు పలుకుబడిని వాడుకోబోవడమే ఆ ఆగ్రహాన్ని రగిలించిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తండ్రి మీద కోపం ఒక జాతి మీద చూపడం ఏ విధంగానూ సమర్థించలేనిది. లింకన్ కొద్ది వారాల్లోనే దాన్ని రద్దు చేయించాడు.

1865 ఏప్రిల్ 14 రాత్రి ఫోర్డ్ నాటకశాలకు లింకన్ దంపతులు గ్రాంట్ దంపతులను కూడా ఆహ్వానించారు. లింకన్ భార్యతో పొసగని జూలియా, న్యూజెర్సీలో ఉన్న పిల్లల్ని చూడాలని పట్టుబట్టింది. వాళ్ళు రైలెక్కారు. ఆ రాత్రే లింకన్ హత్య జరిగింది.

శ్వేతసౌధంలో

46 ఏళ్ళకు అధ్యక్షుడయ్యాడు. నల్లజాతి పురుషుల ఓటుహక్కును కాపాడే 15వ సవరణ 1870లో ఆయన హయాంలోనే ఆమోదం పొందింది. 1871లో నల్లజాతివారిపై హింసకు దిగిన కు క్లక్స్ క్లాన్ ముఠాను అణచడానికి తెచ్చిన చట్టం కింద దక్షిణ కరోలినాలోని తొమ్మిది కౌంటీల్లో హెబియస్ కార్పస్‌ను నిలిపివేసి సైన్యాన్ని దించాడు. ఆయన పాలనలో అన్నిటికన్నా ముందు చెప్పుకోవాల్సింది ఇదే. చాలాకాలం పాటు పాఠ్యపుస్తకాలు అవినీతిని మాత్రమే గుర్తుంచుకున్నాయి.

అవినీతి అబద్ధమేమీ కాదు. 1869లో బంగారం మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకోవాలని చూసిన జే గౌల్డ్ ముఠా, గ్రాంట్ చెల్లెలి భర్త ఏబెల్ కార్బిన్‌ను పట్టుకుని ఆయన దాకా వచ్చింది. సంగతి గ్రహించి గ్రాంట్ ప్రభుత్వ బంగారాన్ని అమ్మించడంతో సెప్టెంబరు 24న మార్కెట్ కుప్పకూలింది. విస్కీ పన్ను కుంభకోణంలో ఆంతరంగిక కార్యదర్శి బాబ్‌కాక్ చిక్కుకుంటే, స్వయంగా సాక్ష్యం ఇచ్చి కాపాడాడు. యుద్ధంలో తన వెంట నిలిచినవాళ్ళను అనుమానించడం ఆయనకు చేతకాలేదు.

మామగారు కల్నల్ డెంట్ అల్లుడి దగ్గరే శ్వేతసౌధంలో ఉంటూ, దక్షిణాది పక్షాన బిగ్గరగా వాదించేవాడు. వియ్యంకులకు చివరిదాకా పడలేదు. 1873లో కొద్ది నెలల తేడాతో ఇద్దరూ కన్నుమూశారు. మరుసటి ఏడాది మే 21న ఏకైక కూతురు నెల్లీ పెళ్ళి ఆ భవనంలోనే ఆల్జెర్నాన్ సార్టోరిస్ అనే ఆంగ్లేయుడితో జరిగింది.

దిగిపోయాక జూలియాతో కలిసి 1877 మే నుంచి రెండేళ్ళకు పైగా ప్రపంచం చుట్టాడు. 1879 మొదట్లో బొంబాయి, జైపూర్, ఆగ్రా, కాశీ, కలకత్తా చూశారు.

దివాలా, గ్రంథరచన

1884 మే నెలలో, రెండో కొడుకు బక్ భాగస్వామిగా ఉన్న ‘గ్రాంట్ అండ్ వార్డ్’ సంస్థ ఫెర్డినాండ్ వార్డ్ మోసంతో కూలిపోయింది. గ్రాంట్ సొత్తంతా పోయింది. అంతకు రెండురోజుల ముందే ధనికుడు విలియం వాండర్‌బిల్ట్ దగ్గర లక్షా యాభై వేల డాలర్లు అప్పు చేసి వార్డ్‌కు ఇచ్చి ఉన్నాడు. ఆ బాకీ కింద యుద్ధ ఖడ్గాలు, బహుమతులు అప్పగించేశాడు. అదే ఏడాది గొంతు క్యాన్సర్ బయటపడింది.

భార్యాబిడ్డలకు ఏమీ మిగల్చకుండా పోకూడదని స్మృతులు రాయడం మొదలుపెట్టాడు. మార్క్ ట్వేన్ తన ప్రచురణ సంస్థ ద్వారా మంచి వాటా ఇస్తానని ముందుకొచ్చాడు. ఫ్రెడ్ ఆధారాలు సరిచూసి పెట్టాడు. మింగుడు పడని నొప్పిలో, మాట పడిపోయాక కాగితం ముక్కల మీద రాసి చూపిస్తూ, పుస్తకం ముగించిన కొద్దిరోజులకే కన్నుమూశాడు. అలంకారాల్లేని ఆ వచనాన్ని అమెరికన్ సాహిత్యంలో మేలైన స్మృతిగ్రంథాల్లో ఒకటిగా లెక్కిస్తారు. జూలియాకు నాలుగు లక్షల డాలర్లకు పైగా ముట్టాయి. 1902లో మరణించిన ఆమెను న్యూయార్క్‌లోని సమాధి మందిరంలో భర్త పక్కనే ఉంచారు. ఆమె రాసుకున్న జ్ఞాపకాలు 1975లో గానీ అచ్చుకాలేదు.

సంతానం

ఫ్రెడ్ (1850–1912) ఆస్ట్రియా-హంగరీలో దౌత్యవేత్తగా పనిచేసి మేజర్ జనరల్ అయ్యాడు. బక్ (1852–1929) కాలిఫోర్నియాలో స్థిరపడి శాండియాగోలో తండ్రి పేరిట హోటల్ కట్టాడు. నెల్లీ (1855–1922) కాపురం సుఖంగా సాగక అమెరికా తిరిగొచ్చింది. చిన్నవాడు జెస్సీ (1858–1934). శ్వేతసౌధంలో పుట్టిన ఫ్రెడ్ కూతురు జూలియా ఒక రష్యన్ రాకుమారుణ్ణి పెళ్ళాడి, అక్కడి విప్లవం తర్వాత దేశానికి తిరిగొచ్చింది.

ఫ్రెడ్ కొడుకు యులిసిస్ ఎస్. గ్రాంట్ III కూడా సైన్యంలో మేజర్ జనరల్. అంతర్యుద్ధ శతజయంతి జాతీయ సంఘానికి అధ్యక్షుడిగా ఉండగా, 1961లో చార్ల్‌స్టన్ సమావేశానికి వచ్చే నల్లజాతి ప్రతినిధికి హోటల్ గది నిరాకరించింది. అందులో జోక్యం చేసుకునే అధికారం తమకు లేదని సంఘం వాదించింది. అధ్యక్షుడు కెనడీ ఒత్తిడితో సమావేశాన్ని నౌకాదళ స్థావరానికి మార్చారు. ఆ ఏడాదే మనవడు గ్రాంట్ పదవి వదులుకున్నాడు.