ఇంద్రజాలం

ఇంద్రజాలం: లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు చూపించే విద్య. సంస్కృతంలో జాలం అంటే వల. ఇంద్రుడి వల ఇంద్రజాలం. ఈ విద్య తెలిసినవాడు ఐంద్రజాలికుడు. ఇప్పుడు వినోదానికే వాడుతున్న ఈ మాట పుట్టింది మాత్రం యుద్ధంలో.

అథర్వవేదం ఎనిమిదో కాండలోని ఎనిమిదో సూక్తం శత్రుసేన నాశనాన్ని కోరుతుంది. అందులో అంతరిక్షమే వల, దిక్కులు దాన్ని నిలబెట్టే కర్రలు. ఆ వలలో పడిన శత్రువులను చీకటి కమ్మేస్తుంది. చేతివాటం, వినోదం ఊసే అక్కడ లేదు. అయినా ఎదుటివాడి చూపును బంధించడమనే ఊహ అప్పటికే ఉంది. తరువాతి అర్థాలన్నీ దాని నుంచే సాగాయని చెప్పవచ్చు.

ఆ ఆయుధం రాజనీతిలోకీ వచ్చింది. కామందకుడి నీతిసారం సామ దాన భేద దండాలకు మాయ, ఉపేక్ష, ఇంద్రజాలాలను చేర్చి ఉపాయాలను ఏడు చేసింది. మబ్బులు, చీకటి, నిప్పు, జెండాలెత్తిన సేనలు ఉన్నట్టు భ్రమ కల్పించి పగవాడిని బెదరగొట్టడమే అక్కడ ఇంద్రజాలం. మరోవైపు వాత్స్యాయనుడి కామసూత్రం దీన్ని 64 కళల్లో ఒకటిగా లెక్కించింది.

ఈ రెండు దారులూ ఎంతో అందంగా కలిసింది 7వ శతాబ్దంలో హర్షుడు రాసిన రత్నావళి నాటికలో. నాలుగో అంకంలో ఒక ఐంద్రజాలికుడు రాజు ఉదయనుడి కొలువుకు వచ్చి ఆకాశంలో దేవతలను చూపిస్తాడు. అంతలో అంతఃపురం అంటుకుంటుంది. అక్కడ బందీగా ఉన్న తన ప్రియురాలు సాగరికను కాపాడటానికి రాజు మంటల్లోకి దూకుతాడు. తీరా చూస్తే నిప్పూ లేదు, కాలినదీ లేదు. అంతా మంత్రి యౌగంధరాయణుడి ఎత్తుగడ. కొలువులో ఆటగా మొదలైనది రాజనీతిగా తేలుతుంది.

వేదాంతులకూ ఇంద్రజాలం పనికివచ్చింది. కత్తీ డాలూ పట్టి తాడు మీదుగా ఆకాశానికి ఎక్కుతున్నట్టు కనిపించే మాయావి వేరు, నేల మీదే నిలిచి ఉన్న అసలు మాయావి వేరు అని శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఉదాహరించారు. చైనాలోని హువాయెన్ బౌద్ధులు వలను పూర్తిగా మరోలా చూశారు. ప్రతి ముడిలో ఒక రత్నం, ప్రతి రత్నంలో మిగతా రత్నాలన్నిటి ప్రతిబింబం. వారికి ఇంద్రుడి వల భ్రమకు కాదు, సర్వమూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉండటానికి గుర్తు.

20వ శతాబ్దంలో బెంగాల్‌కు చెందిన ఐంద్రజాలికుడు పి.సి.సర్కార్ (1913–1971) తన ప్రదర్శనకు ఇంద్రజాలం అనే పేరే పెట్టి దేశదేశాలు తిరిగారు. తెలుగునాట మ్యాజిక్‌ను జనానికి దగ్గర చేసినవారిలో బి.వి.పట్టాభిరామ్ ముఖ్యులు.

తెలుగులో ఇంద్రజాలానికి తోడుగా కనికట్టు, గారడి అనే మాటలున్నాయి. కన్నులను కట్టేది కనికట్టు. గారడి మూలం గారుడం, అంటే పాము విషాన్ని దించే గరుడ మంత్రవిద్య. కీడు తలపెట్టే చేతబడిని జనం వీటితో కలపరు. ఇంద్రజాలం అంటే వేదిక మీది కళ, గారడి అంటే వీధి ఆట అనే తేడా మాత్రం స్థిరపడింది. ఆ తేడాలో గారడి పట్ల ఉన్న చిన్నచూపు న్యాయం కాదు. తెరా దీపాలూ లేకుండా, నాలుగు వైపులా జనం చుట్టుముట్టి చూస్తుండగా కళ్లను కట్టడం వేదిక మీద కన్నా కష్టం.