ముక్కుపుడక కథ, మానేదాకా జాగ్రత్త



ఆడపిల్ల ముక్కున మెరిసే చిన్న నగకు ఎన్ని పేర్లో చూడండి. ముక్కుపుడక, ముక్కెర, బేసరి, నత్తు. రెండు ముక్కుపుటాల నడుమ వేలాడేదయితే బులాకీ. సరిహద్దు దాటితే కన్నడంలో మూగుతి, తమిళంలో మూక్కుత్తి, మరాఠీలో నథ్, ఒరియాలో నాకఫుల. బళ్ళారి, హోసూరు, షోలాపురం, బరంపురం వంటి చోట్ల స్థిరపడ్డ మన తెలుగు ఇళ్లలో ఈ పేర్లు రెండు మూడు కలిసే వినిపిస్తాయి. మహారాష్ట్రలో నథ్ ఎడమ ముక్కుకు పెడతారు. తమిళనాట కుడి ముక్కుకు ఎక్కువ. రెండు వైపులా కుట్టించుకునే ఇళ్లూ ఉన్నాయి. పేరు మారినా, పక్క మారినా, కుట్టిన చోట గాయం మానే తీరు మాత్రం అందరికీ ఒకటే. ఈ నగ ఎప్పటిది, ఆ గాయాన్ని మన పెద్దలు ఎలా చూసుకున్నారు, అందులో మనం నిలుపుకోవలసినది ఏది, మానుకోవలసినది ఏది అన్నది ఈ పూట చెప్పుకుందాం.

ముక్కుపుడక అనాదిగా ఉన్నదని మనం అనుకుంటాం. అమరావతి శిల్పాలను చూస్తే ఆ మాట నిలవదు. అక్కడి స్త్రీల చెవులకు బరువైన కుండలాలు ఉన్నాయి. చేతులకు గాజుల వరుసలు, నడుముకు మేఖలలు, కాళ్లకు కడియాలు ఉన్నాయి. ముక్కున మాత్రం ఏ నగా లేదు. అమరకోశం తల నుంచి కాలి దాకా నగల పేర్లు చెబుతుంది, ముక్కు నగకు పేరు చెప్పదు. హిందూ యుగంలో ఈ నగ లేదని, ముస్లిముల రాకతో మనకు అలవడిందని చరిత్రకారుడు ఆల్టేకర్ 1938లో అచ్చయిన తన గ్రంథంలో రాశారు. పూనా భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థకు చెందిన పి. కె. గోడే కూడా 1930లలోనే ఈ విషయం మీద పరిశోధించారు. సంస్కృత గ్రంథాలలో దీని జాడ సుమారు వెయ్యేళ్లకు మించి వెనక్కు పోదని ఆయన చెప్పారు. ఎలా చూసినా చెవిపోగుకు ముక్కుపుడక చాలా చిన్న చెల్లెలు.

ఈ వయసు తేడాను ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, చెవి కుట్టడానికి మనకు పాత శాస్త్రం ఉంది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో పదహారవ అధ్యాయం అదే. బిడ్డకు ఆరో నెలలోనో ఏడో నెలలోనో, ఒడిలో కూర్చోబెట్టుకుని, ఆటవస్తువులతో మరపించి చెవి కుట్టమంటాడు సుశ్రుతుడు. తమ్మెను ఎండకు పట్టి, వెలుగు పారే పలుచని చోట సూటిగా పొడవమంటాడు. నెత్తురు ఎక్కువగా కారినా, నొప్పి ఎక్కువగా ఉన్నా కుట్టిన చోటు తప్పని గుర్తు. తరువాత దూదివత్తి పెట్టి నూనె తడపాలి. మూడు రోజులకొకసారి కొంచెం లావు వత్తి మార్చాలి. వాపు వస్తే వత్తి తీసి, లేపనం వేసి, పూర్తిగా మానాక మళ్లీ కుట్టాలి. ఎంత ఓపికైన పద్ధతో గమనించండి.

ముక్కు నగ తరువాత వచ్చింది గనుక ఈ చెవి పద్ధతే ముక్కుకూ పాకింది. మన కంసాలి, కన్నడ దేశంలో అక్కసాలిగ, తమిళనాట ఆసారి, మరాఠీ సీమలో సోనార్, ఎవరు కుట్టినా సన్నని బంగారు తీగె కొనతో పొడిచి, దానినే చుట్టి వదిలేవారు. ఇంటి పెద్దలు పసుపు, కొబ్బరినూనె రాసేవారు. తీగె జారిపోతే రంధ్రం పూడకుండా వేపపుల్ల దూర్చేవారు. పుడక అంటే సన్నని పుల్లే గదా.

వచ్చిన చిక్కల్లా ముక్కు చెవి కాకపోవడమే. చెవి తమ్మె మెత్తని కండ. ఆరేడు వారాల్లో మానుతుంది. ముక్కుపుటం కథ వేరు. లోపలి వైపు ఎప్పుడూ తడిగా ఉండే పొర. కాస్త పైకి పోతే మృదులాస్థి, అంటే మెత్తని ఎముక. ఆ మెత్తని ఎముకకు సొంత రక్తనాళాలు లేవు, పైనున్న పొర నుంచే దానికి పోషణ అందాలి. అక్కడ చీము పడితే మందు అందడం కష్టం, ముక్కు ఆకారమే చెడవచ్చు. అందుకే ముక్కు గాయం మానడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. పైకి పది రోజుల్లో మానినట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం పచ్చిగానే ఉంటుంది.

పెద్దల పద్ధతిలో మంచి లేకపోలేదు. మేలిమి బంగారం ఒంటికి పడని లోహం కాదు. తీగె సన్నం గనుక గాయం చిన్నది. ఈనాటి చవక పుడకల్లో నికెల్ అనే లోహం కలుస్తుంది. అది చాలామందికి దురద, పుండు తెస్తుంది. కుట్టిన రంధ్రాల్లో పెట్టే నగల్లో నికెల్‌ను కట్టడి చేస్తూ ఐరోపా దేశాలు 1994లో నియమం తెచ్చాయి. మేలిమి బంగారమే పెట్టాలన్న మన అమ్మమ్మల పట్టుదల వట్టి డాబు కాదన్నమాట.

పెద్దలకు తెలియనిది కంటికి కనపడని సూక్ష్మజీవి. గాయాలు కుళ్లడానికి సూక్ష్మజీవులు కారణమని గ్రహించి, వాటిని చంపే మందు వాడి లిస్టర్ తన ఫలితాలు ప్రకటించింది 1867లో. అంతకు ముందు ఒకే తీగె, ఒకే సూది ఊరందరికీ తిరిగేది. ధనుర్వాతం, కామెర్లు, ఇప్పుడు ఎయిడ్స్ కూడా అలాంటి సూది వెంట రాగలవు. కాబట్టి కుట్టేవారు మన కళ్లెదుట కొత్త సూది పొట్లం విప్పాలి, చేతికి కొత్త తొడుగు వేసుకోవాలి. నగల దుకాణాల్లో చెవులకు వాడే పిస్తోలు వంటి యంత్రం ముక్కుకు పనికిరాదు. అది మొద్దు మొనతో కండను నలిపేస్తుంది, దానిని పూర్తిగా శుద్ధి చేయడమూ కుదరదు. ధనుర్వాతం టీకా వేయించి ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి.

ఇక కుట్టించాక. పుడకను తాకే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో పావు టీస్పూను అయోడిన్ కలపని ఉప్పు వేసి, శుభ్రమైన గుడ్డతో రోజుకు రెండుసార్లు అద్దితే చాలు. ఎండిన చెక్కును గోటితో గిల్లకూడదు, నానితే అదే రాలుతుంది. అంటుకుపోతుందని పుడకను తిప్పడం మన ఇళ్లలో మామూలే. అలా తిప్పితే లోపల కొత్తగా పుట్టిన పొర చిరుగుతుంది. పసుపు, నూనె మీద మనకు గౌరవం ఉండవచ్చు. కానీ అంగడి పసుపు శుద్ధి చేసినది కాదు, నూనె రంధ్రాన్ని మూసి మురికిని లోపలే ఉంచుతుంది. స్పిరిట్ కూడా వద్దు, గాయాన్ని ఎండగడుతుంది. చెరువు నీళ్లలో మునగడం, ముఖానికి పౌడరు కొట్టడం కొన్నాళ్లు మానాలి. తువాలుతో తుడిచేటప్పుడు, తలమీదుగా రవిక తొడిగేటప్పుడు కొంగు తగలకుండా చూసుకోవాలి. పెళ్లి దగ్గరపడిందని నెలకే రాళ్ల బేసరి మార్చవద్దు. పెళ్లిలో పెట్టాలంటే ఆరు నెలల ముందే కుట్టించండి.

మొదటి రోజుల్లో కొంచెం ఎరుపు, తెల్లని ఊట ఉండడం సహజం. ఎరుపు బుగ్గ మీదకు పాకినా, ఆకుపచ్చ చీము కారినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లాలి. అప్పుడు పుడకను మనమే లాగేస్తే రంధ్రం మూసుకుని చీము లోపలే ఉండిపోవచ్చు. పిండడం అంతకంటె ప్రమాదం. ముక్కు చుట్టూ ఉన్న నాళాలకు మెదడు వైపు దారి ఉంది. గాయాలు గడ్డకట్టి పెరిగే తత్వం ఇంట్లో ఎవరికైనా ఉంటే, లేదా చక్కెర వ్యాధి ఉంటే, కుట్టించక ముందే డాక్టరును అడగండి.

తీగె మేలిమిదై ఉండాలని మన పెద్దలు చెప్పారు. తొందరపడవద్దని సుశ్రుతుడు చెప్పాడు. సూది, చేతులు శుద్ధిగా ఉండాలని ఈ కాలం చెబుతోంది. ఈ మూడూ కలిస్తే పాప ముక్కున పుడక నిండు నూరేళ్లు నిలుస్తుంది.