మౌంటింగ్ ప్లేట్

మౌంటింగ్ ప్లేట్ అనేది ఖగోళ ఛాయాచిత్రాలు తీసే టెలిస్కోప్‌ను, దాని గురిని సరిచూసే గైడ్ టెలిస్కోప్‌ను కలిపి మౌంట్‌ మీద కదలకుండా బిగించే లోహపు పలక. దొరికే ప్లేట్ల రంధ్రాలు పరికరాలకు కుదరనప్పుడు దీన్ని విడిగా చేయిస్తారు. సాధారణంగా 6061 రకం అల్యూమినియాన్ని మిల్లింగ్ చేసి, అంచులను ఏటవాలుగా కోస్తారు. వాడుకలోని ప్రమాణాల్లో విక్సెన్ వెడల్పు సుమారు 44 మి.మీ., లాస్‌మండీ సుమారు 75 మి.మీ.

దృఢత్వమే దీని ప్రాణం. వంగకుండా నిలిచే శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, 8 మి.మీ. పలక స్థానంలో 12 మి.మీ. పలక వేస్తే అది దాదాపు 3.4 రెట్లవుతుంది. 200 మి.మీ. పొడవులో ఒక కొస 2 మైక్రాన్లు దిగినా గురి 2 ఆర్క్‌సెకన్లు తప్పుతుంది. దీర్ఘ ఎక్స్‌పోజరులో చుక్క గీతలా సాగుతుంది.

టెలిస్కోప్ పెట్టే చోటి అక్షాంశమూ లెక్కలోకి వస్తుంది. కర్ణాటకలోని చిక్కబళ్లాపురం, చింతామణి సుమారు 13.4°, బాగేపల్లి 13.8° ఉత్తర అక్షాంశాల మీద ఉన్నాయి. ధ్రువ నక్షత్రం దిగంతం నుంచి ఇంచుమించు అంతే ఎత్తున కనిపిస్తుంది. చాలా ఈక్వటోరియల్ మౌంట్లను అంత కిందికి వంచితే కౌంటర్‌వెయిట్ కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. అందువల్ల ఇక్కడ ఏటవాలు అడుగు ప్లేటు కూడా అవసరపడుతుంది.