భద్రాచలం నంబరు వింటే పాలకొల్లులో ఏం చెయ్యాలి?

ఈ ఎపిసోడ్ మా పాలకొల్లు నుంచే.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, వాన కబురు ముందే తెలిసిపోతుంది. 1996 నవంబరు 6 రాత్రి మా అమ్మమ్మ చేతిలో ఉన్నది ఒక టార్చిలైటు మాత్రమే. ఆ రాత్రి తుపాను గోదావరి డెల్టాని ఊడ్చేసింది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. "తుపానని రేడియోలో చెప్పార్రా. మన మీదకే వస్తుందని ఎవరనుకున్నారు?" అంటుంది అమ్మమ్మ ఇప్పటికీ.

ఆ ఒక్క మాట పట్టుకుని చరిత్రలోకి వెళ్దాం.

ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాకి పంట లెక్కైనా, ముంపు లెక్కైనా అక్కడే. ఇప్పుడు బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి పెరిగింది. ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కులు దాటి పోయింది. 2022 జూలైలో భద్రాచలంలో 71.3 అడుగులు, ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులకి పైగా.

ఏఐకి మేత ఇలాంటి నంబర్లే. పైన ఎంత ఉంటే కింద ఎంత వచ్చిందో పాత లెక్కలన్నీ చూపిస్తే, ఆ సంబంధం నేర్చుకుని రేపటి మాట చెప్తుంది. గూగుల్ 2018లో పాట్నాలో ఇలాంటి వరద హెచ్చరికలు మొదలుపెట్టి, 2020కల్లా దేశమంతటికీ విస్తరించింది.

మరి పిల్లలకి ఇది ఎవరు చెప్పాలి? సీబీఎస్ఈ 2019-20లో 9వ తరగతిలో ఏఐని సబ్జెక్టుగా తెచ్చింది. 2025 జూలైలో కేంద్రం 'సోర్' మొదలుపెట్టింది. 6 నుంచి 12 తరగతుల పిల్లలకి 15 గంటల మాడ్యూళ్లు మూడు, టీచర్లకి 45 గంటలది ఒకటి.

మా డెల్టా టీచర్లకి ఆ 45 గంటల్లో ఏం నేర్పాలి అని నన్నడిగితే, మెషీన్ ఎక్కడ తప్పుతుందో ముందు నేర్పమంటాను. 1986ని తీసేసి నేర్పిస్తే, 35 లక్షల క్యూసెక్కులనేది దాని ఊహకే అందదు. ఏ గట్టు ఎక్కడ మెత్తగా ఉందో, కనకాయలంక కాజ్‌వే ఎప్పుడు మునుగుతుందో ఎవరూ రాసివ్వకపోతే దానికి తెలీదు. లంకలో పడవ నడిపే ఆయనకి తెలుసు. లెక్కల మాస్టారు గ్రాఫ్ గీయిస్తే, సోషల్ మాస్టారు పిల్లల్ని ఆ పడవాయన దగ్గరికి పంపాలి. రెండూ కలిస్తేనే అసలు పాఠం.

2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తుపాను మన పక్కనే, నరసాపురం దగ్గర తీరం దాటింది. కబురు ముందే అందింది, జనాన్ని ముందే తరలించారు. 1996తో పోలిస్తే ప్రాణనష్టం చాలా తక్కువ. అంటే హెచ్చరిక ఇప్పుడు ఇంటిదాకా వస్తోంది. మిగిలింది అమ్మమ్మ ప్రశ్నే: "మన మీదకే" అని నమ్మించేదెవరు? తుపానొస్తే ఊరంతా తలదాచుకునేది ఎక్కువగా బడిలోనే. ఆ బడిలో చదివే పిల్ల లెక్క చూపించి చెప్తే ఇంట్లోవాళ్లు కదులుతారని నా నమ్మకం.

ఈ రోజు మీకో చిన్న పని. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, ఏ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో. గోడ మీద ఆ చోటు చూపించమని ఫొటో తీసి, ఏడాది రాసి, మీ మాస్టారికి ఇవ్వండి. ఏ మెషీన్ దగ్గరా లేని లెక్క అది.

మళ్లీ కలుద్దాం, ఉంటాను.