జాన్ ఫౌల్డ్సు సంగీతము - హార్మోనియము వివాదము

నూజివీడు మామిడితోటల నడుమ చాట్రాయి వంటి గ్రామములలో పద్యనాటకములు చూచి పెరిగినవారికి హార్మోనియము లేని రంగస్థలమును ఊహించుట కష్టము. తిరుపతి వేంకటకవుల ఉద్యోగవిజయములలోని పద్యమును నటుడు ఎత్తుకొనగనే హార్మోనిస్టు శ్రుతి నందించును. నటుడు ఊపిరి తీసికొనునప్పుడు రాగమును తాను సాగించును. ఈ వాద్యమునే ఆలిండియా రేడియో 1940 మార్చి 1వ తేదీ నుండి బహిష్కరించెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసిన నాటికిని ఆ నిషేధము అమలులోనే యుండెను. దానికి వాదబలము చేకూర్చినవారిలో ఒక ఆంగ్లేయ స్వరకర్త కలడు. అతడే జాన్ ఫౌల్డ్సు.

ఫౌల్డ్సు 1880లో మాంచెస్టరున జన్మించెను. తండ్రి వాద్యబృందమున బసూన్ వాయించువాడు. కుమారుడు 1900లో హాలే వాద్యబృందమున చెల్లో వాదకుడుగా చేరెను. మొదటి ప్రపంచయుద్ధ మృతుల స్మృతికై అతడు రచించిన ‘వరల్డ్ రెక్వియం’ 1923లో లండను రాయల్ ఆల్బర్ట్ హాలున వినిపింపబడి, ఆపై 1926 వరకు ఏటేట లండనున వినిపింపబడెను. తరువాత విద్వాంసులు దానిని మరచిరి. బెర్నార్డు షా ‘సెయింట్ జోన్’ వంటి నాటకములకు సంగీతము కూర్చుటయు అతని జీవనోపాధులలో నొకటి.

అతనిని మన సంగీతము వైపు మరల్చినది భార్య మాడ్ మెకార్తీ. ఈ ఐరిష్ వయొలిన్ విదుషి అనీబిసెంటు వెంట భారతదేశమునకు వచ్చి ఇచటి సంగీతము నభ్యసించినది. పాశ్చాత్యులు ప్రధానముగా రెండు స్వరక్రమములతో సరిపుచ్చుకొనుచుండగా ఫౌల్డ్సు మన 72 మేళకర్తల పట్టికయందు కొత్త నిధిని చూచెను. ‘ఎస్సేస్ ఇన్ ది మోడ్స్’ అను పియానో కృతులలో అతడు ఒక్కొక్క క్రమమును గ్రహించి, దానికి వెలియైన స్వరము నొక్కటియు తాకక రచన సాగించెను. అతడు గ్రహించినది మేళమునే కాని రాగమును కాదని మా అభిప్రాయము. మేళము స్వరముల పట్టిక. రాగమునకు సంచారము, గమకము ప్రాణములు. అయినను ‘డైనమిక్ ట్రిప్టిక్’ నడిమి భాగమున పావుస్వరములను వాడినవానికి పియానో మెట్ల నడుమనున్న నాదము వినబడలేదనుట సాహసమగును.

1935లో అతడు భారతదేశమునకు వచ్చి, ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగమును నడపుచు, భారతీయ వాద్యములతో బృందమును కూర్చెను. 1938లో ‘ఇండియన్ లిజనర్’ పత్రికలో హార్మోనియమును ఖండించుచు వ్యాసము వ్రాసెను. ఆ పెట్టెలో స్థాయికి పన్నెండే స్థిరస్వరములు. జారుట లేదు, ఊగుట లేదు. తోడి గాంధారమును దానిపై పలికింపబూనినవారికి ఈ లోపము తెలియకపోదు. కచేరీ విషయమున అతని వాదము సత్యము. పద్యనాటకమున మాత్రము గమకము నటుని గొంతున నుండును. హార్మోనియము పని ఆరుబయట జనసందడిలో శ్రుతిని నిలుపుట, విరామమును పూరించుట. నిషేధకర్తలు ఈ భేదమును గుర్తింపకుండుట న్యాయము కాదు.

ఆ నిషేధమును ఫౌల్డ్సు చూడలేదు. 1939 ఏప్రిలులో కలకత్తాకు మారిన కొలది దినములకే కలరాతో మరణించెను. నిషేధము 1971లో కొంత సడలినది. ‘వరల్డ్ రెక్వియం’ 2007లో మరల అదే హాలున వినబడినది. భారతదేశమున అతడు రచించిన వానిలో పెక్కు మాత్రము నశించినవి.