ఊరి పేరు చెప్పడానికి జంకిన మిత్రుడు

ఎనిమిదో తరగతిలో కొత్తగా చేరిన మిత్రుణ్ణి ఊరేదని అడిగితే ‘బాపట్ల దగ్గర’ అనేవాడు. అది స్టువర్టుపురమని తెలిశాక, ఎవరి పెన్ను పోయినా అందరం అతనివైపే చూశాం.

మాకు తెలిసింది పత్రికల్లోని ‘స్టువర్టుపురం దొంగలు’ మాత్రమే. తెలియనిది చరిత్ర. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం, 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి, సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఈ సెటిల్‌మెంటులో ఉంచారు. అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. 1952లో చట్టం రద్దయింది. వార్తల శీర్షికల్లో మాత్రం ఆ ముద్ర చెరగలేదు.

దొంగతనం చేసినవాడి పేరు రాస్తే వార్త. ఊరి పేరు రాస్తే నింద. ఈ తేడా ఆలస్యంగా తెలిసింది. స్వర్ణోత్సవానికి అతనొస్తే ముందు క్షమాపణ చెప్పుకోవాలి.