మహానావికుడికి సర్టిఫికెట్ ఎవరిచ్చారు?

మా కోదాడకి దగ్గరి సముద్రం మచిలీపట్నంలో ఉంది. బెజవాడ మీదుగా నూటయాభై కిలోమీటర్ల పైమాటే. సూర్యాపేట వాళ్లకి ఇంకాస్త దూరం. మిర్యాలగూడలో నీళ్లంటే సాగర్ ఎడమ కాలువే. 1967లో సాగర్ నీళ్లు వదిలాక మా వైపు వరి పెరిగింది, రైస్‌మిల్లులు పెరిగాయి. తెరచాపతో మాత్రం మాకెప్పుడూ పని పడలేదు. అలాంటి ఊళ్లవాడు సెయిలింగ్ కోర్సుల గురించి రాయడమేంటని అనిపించొచ్చు. కానీ ఆ కోర్సుల మెట్లు చూస్తుంటే నాకు ఘంటసాల శాసనం గుర్తొచ్చింది. నావికుడు ఎప్పుడు మహానావికుడవుతాడు? ఆ మాట ఎవరు చెప్పాలి? మన తీరంలో ఇది చాలా పాత ప్రశ్న.

ముందు ఇవాళ్టి మెట్లు చూద్దాం. చాలా దేశాల్లో చెల్లే సర్టిఫికెట్లలో బ్రిటన్‌లోని రాయల్ యాటింగ్ అసోసియేషన్ ఇచ్చేవి ముఖ్యమైనవి. పెద్ద పడవల్లో మొదటి మెట్టు కాంపిటెంట్ క్రూ. ఐదు రోజుల్లో ముడులు వేయడం, తెరచాప ఎత్తడం, చుక్కాని పట్టడం, స్కిప్పర్ చెప్పిన పని చేయడం నేర్పుతారు. తర్వాత డే స్కిప్పర్: తెలిసిన నీళ్లలో, పగటిపూట పడవని తనే నడపగలగాలి. ఆపైన కోస్టల్ స్కిప్పర్, యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్. ఆఫ్‌షోర్ పరీక్షకి వెళ్లాలంటే కనీసం 50 రోజులు సముద్రం మీద గడిపి, 2,500 నాటికల్ మైళ్లు తిరిగుండాలి. చిట్టచివరిది యాట్‌మాస్టర్ ఓషన్. దానికి ఎక్కడా ఆగకుండా కనీసం 96 గంటల పాటు 600 మైళ్ల ప్రయాణం చేయాలి. అందులో 200 మైళ్లయినా ఒడ్డుకి 50 మైళ్లు దాటిన దూరంలో ఉండాలి. దారిలో సెక్స్‌టెంట్‌తో సూర్యుణ్ణీ చుక్కల్నీ కొలిచి, పడవ ఎక్కడుందో లెక్కగట్టిన కాగితాలు పరీక్షకుడి ముందు పెట్టాలి.

ఇందులో నన్ను ఆపిన సంగతి ఒకటుంది. యాట్‌మాస్టర్ పరీక్షకి ఫలానా స్కూల్లో చదివి తీరాలన్న షరతు లేదు. ఫస్ట్ ఎయిడ్, రేడియో లాంటి చిన్న సర్టిఫికెట్లు కావాలి. మిగతాదంతా తిరిగిన మైళ్లు, వాటిని రాసుకున్న లాగ్‌బుక్, ఆ తర్వాత పరీక్ష.

ఒడ్డు కనబడుతుండగా నడపడం వేరు, ఒడ్డు వదిలి పోవడం వేరు. ఈ తేడా మన తీరానికి కొత్తది కాదు. రెండో శతాబ్దపు భూగోళవేత్త టాలెమీ కృష్ణా ప్రాంతపు రేవుల్లో కొంటకోస్సిలని చెప్పాడు. అదే నేటి ఘంటసాల. ఇంకాస్త పైన, సువర్ణభూమికి వెళ్లే ఓడలు ఒడ్డు విడిచి నడిసముద్రంలోకి తిరిగే చోటు ఒకటుందని రాశాడు. కోస్టల్ స్కిప్పర్ ఆగిపోయి ఓషన్ స్కిప్పర్ మొదలయ్యే గీత అన్నమాట.

ఆ ఘంటసాలలోనే, తొలి శతాబ్దాల నాటి ప్రాకృత శాసనాల్లో, ‘మహానావిక శివక’ అన్న పేరుంది. అతను ఏ సముద్రాలు దాటాడో శాసనం చెప్పదు. కానీ ఆ ‘మహా’ ఊరికే రాదు. నావికుల్లో హెచ్చుతగ్గులున్నాయి, పై మెట్టుకి ఒక పేరుంది, ఆ పేరు రాతిమీదకెక్కేంత గౌరవం ఉంది. ఐదో శతాబ్దంలో ఇదే బిరుదు మలయా ద్వీపకల్పంలో బుద్ధగుప్తుడనే మరో నావికుడి శాసనంలో కనబడుతుంది. అంటే బంగాళాఖాతం రెండు ఒడ్డుల్లోనూ చెల్లిన బిరుదు.

మా ఊళ్లకి దీంతో ఏం సంబంధమంటే, ఉంది. మిర్యాలగూడకి దగ్గర్లోని నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఉపాసిక బోధిసిరి తన దానాల పట్టిక చెక్కించింది. అందులో కంటకసేల మహాచైత్యం దగ్గర కట్టించిన మండపం కూడా ఉంది. కంటకసేల అంటే ఆ ఘంటసాలే. ఎగువన కృష్ణ ఒడ్డునున్న ఊరికీ, దిగువన ఓడల రేవుకీ మధ్య రాకపోకలున్నాయనడానికి ఇంతకంటే ఏం కావాలి?

వెయ్యేళ్ల తర్వాతి సంగతి మోటుపల్లిది. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్ల శాసనాల్లో కనబడే కాకతి గణపతిదేవుడే 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. గాలివానకి చెడి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్లు. ఇకనుంచి సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని మాటిచ్చాడు. రాజు నావికుణ్ణి పరీక్షించలేదు, కాపాడతానన్నాడు. నావికుడి సామర్థ్యం సంగతి సముద్రానికీ వర్తకులకీ వదిలేశాడు.

పరీక్ష మన సముద్రంలోకి బ్రిటిష్ చట్టంతో వచ్చింది. 1850 చట్టం విదేశాలకెళ్లే బ్రిటిష్ ఓడల మాస్టర్లకీ మేట్లకీ పరీక్షలు తప్పనిసరి చేసింది. అజ్ఞానుల చేతుల్లో ఓడలు మునగకుండా అది మంచిదే. కానీ ఆ ఓడల్లో మనవాళ్లు ‘లస్కర్లు’. వాళ్లలో పెద్దలైన సరంగూ తండేలూ కూడా అధికారుల కింద పనిచేసేవాళ్లే. భారతీయుల్ని ఓడ అధికారులుగా తయారుచేసే డఫరిన్ శిక్షణ నౌక బొంబాయిలో 1927లో గానీ మొదలవలేదు. మహానావికుడనే మాట పుట్టిన తీరంలో పై మెట్లు అన్నాళ్లు అందలేదు.

ఆ మెట్లు మళ్లీ అందిన సందర్భం తారిణి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ఈ తెరచాప పడవలో బయల్దేరారు. వాళ్లలో విశాఖకి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కి చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. అంతకుముందు ఒంటరిగా భూమిని చుట్టొచ్చిన దిలీప్ దొండే దగ్గర శిక్షణ పొందారు, మారిషస్ దాకా వెళ్లొచ్చారు. ఆ తర్వాతే ప్రపంచయాత్ర. 2018 జనవరిలో కేప్ హార్న్ దాటి, మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు. వీళ్ల మెట్లు కట్టింది నౌకాదళం. జీతం, పడవ, గురువు అన్నీ సంస్థవే.

మరి కోదాడ పిల్లకి? మొదటి మెట్టు హుస్సేన్‌సాగర్‌లో ఉంది. అక్కడి సెయిలింగ్ క్లబ్బుల్లో పిల్లలు ఎక్కేది ఆప్టిమిస్ట్ అనే పడవ. 1947లో అమెరికాలో పిల్లల కోసమే గీసిన నమూనా. పొడవు రెండున్నర మీటర్లు కూడా ఉండదు. గాలి ఎటునుంచి వస్తోందో చెంపతో తెలుసుకోవడం చెరువులోనూ నేర్చుకోవచ్చు. కానీ ఆటుపోట్లు, ఉప్పెన, రాత్రి కాపలా చెరువు నేర్పదు. అక్కణ్ణుంచి ఓషన్ దాకా కోర్సుల ఫీజులూ పడవ అద్దెలూ ఐటీ జీతగాళ్లకే బరువు.

ఇంకోవైపు తండేలు ఉన్నాడు. 2025లో వచ్చిన సినిమాతో ఈ మాట మనందరికీ తెలిసింది. గుజరాత్ తీరంలో వేటకెళ్లి 2018లో పాకిస్తాన్‌కి చిక్కిన శ్రీకాకుళం జాలర్ల కథ దానికి మూలం. తండేలంటే పడవ పెద్ద. 50 రోజులూ 2,500 మైళ్లూ అతనికి ఒక్క వేట కాలంలో లెక్క. మోటారు పడవలకి కూడా యాట్‌మాస్టర్ పరీక్ష ఉంది. అయినా ఆ పరీక్ష గది దాకా అతను రాడు. ఫీజొక కారణం, ఇంగ్లీషొక కారణం. అంతకంటే ముందు, అతని మైళ్లు ఎక్కడా రాసిలేవు.

సర్టిఫికెట్లు వద్దని నేననను. రాత్రిపూట నా పిల్లలున్న పడవని నడిపేవాడికి పరీక్ష ఉండాలనే కోరుకుంటాను. అయితే మెట్లు మైళ్లని లెక్కపెట్టేవే అయినప్పుడు, మైళ్లున్నవాడి దగ్గరికి లాగ్‌బుక్ వెళ్లాలి. రేవుల్లో, తెలుగులో, వేటకెళ్లిన ప్రతి రోజూ నింపే చిన్న పుస్తకం చాలు. ఘంటసాల శివకుడి ప్రయాణాలు మనకి తెలియవు. అతను మహానావికుడని తెలిసింది, ఎవరో ఆ మాట రాసిపెట్టబట్టే.